కుక్క పెంట ఎత్తే పనికీ ఒక చరిత్ర ఉంది



ఇదివరకు మనవాళ్ల వలసల గురించి, పాత సత్రాల గురించి, రైలు మార్గాల గురించి రాస్తూ వచ్చాను. ఈసారి విషయం పేరు చూడగానే కొందరు ముక్కు మూసుకుంటారు. ఫరవాలేదు, మూసుకునే చదవండి. కుక్క మలం ఎత్తే పని గురించి రాస్తున్నాను. ఆ మలానికి ఒకప్పుడు మార్కెట్టు ఉండేది, ధర ఉండేది, మేలు రకం నాసి రకం కూడా ఉండేవి. ఇవాళ అదే వస్తువును తీసుకుపొమ్మని మనమే ఎదురు డబ్బు ఇస్తున్నాం. ఇది ఎలా తలకిందులయింది, ఇందులో మన తెలుగువాళ్లకు ఏమి సంబంధం, అదే ఈ వ్యాసం.

1. లండన్‌లో బకెట్ లెక్కన బేరం

హెన్రీ మేహ్యూ అని ఒక ఇంగ్లీషు పత్రికా రచయిత ఉండేవాడు. 1849, 1850 ప్రాంతంలో లండన్ వీధుల్లో తిరిగి, కూలీలను, పేదలను, వీధి వ్యాపారులను కూర్చోబెట్టి అడిగి, వాళ్ల సంపాదన, తిండి, బాడుగ అన్నీ రాసుకున్నాడు. తర్వాత అది పెద్ద పుస్తకంగా వచ్చింది. అందులో "ప్యూర్ ఫైండర్స్" అనే వాళ్ల మీద ఒక భాగం ఉంది. వీధుల్లో కుక్క మలం ఏరి బుట్టలో వేసుకుని అమ్ముకునేవాళ్లు వాళ్లు. ఆ సరుకుకు వ్యాపారంలో పేరే "ప్యూర్", అంటే శుద్ధం. తోలును శుద్ధి చేసే గుణం ఉందని ఆ పేరు వచ్చింది.

కొనేవాళ్లు తోలు పదును చేసే కార్ఖానాల వాళ్లు. థేమ్స్ నదికి దక్షిణాన బెర్మాండ్సీ అనే పేటలో అవి ఎక్కువ. బకెట్‌కు 8 నుంచి 10 పెన్నీలు ఇచ్చేవాళ్లు. మంచి రకమైతే ఒక షిల్లింగు, ఇంకా కొంచెం పైన కూడా పలికేది. ఎండిపోయి సున్నంలా తెల్లబడిన దానికి ధర ఎక్కువ. అందుకని కొందరు పాత గోడల సున్నం గార గీకి దాంట్లో కలిపేవాళ్లట! పాలల్లో నీళ్లు కలిపే లోకం గదా, పెంటలో కల్తీ కలిపితే ఆశ్చర్యం ఏముంది.

మేహ్యూ కలిసిన వాళ్లలో ముసలి ఆడవాళ్లు ఉన్నారు, ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన వాళ్లు కూడా ఉన్నారు. అంటే అక్కడ ఈ పని చేసింది పేదరికం వల్ల. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత కావాలి.

2. తోలుకు, కుక్క మలానికి ఏమి సంబంధం?

పచ్చితోలు మీద వెంట్రుకలు ఊడడానికి ముందు సున్నం నీళ్లలో నానబెడతారు. సున్నం పట్టిన తోలు ఉబ్బి గట్టిపడుతుంది. దాన్ని అట్లే పదును చేస్తే బిరుసుగా ఉంటుంది. చేతి తొడుగులకు, పుస్తకాల అట్టలకు మెత్తటి తోలు కావాలి. అందుకని గోరువెచ్చటి నీళ్లలో కుక్క మలం కలిపి ఆ తోలును అందులో ముంచేవాళ్లు. సున్నం దిగిపోయి తోలు పట్టులాగా మెత్తబడేది. మొరాకో దేశంలో ఫెజ్ ఊరి కార్ఖానాల్లో ఇదే పనికి పావురాల రెట్టను ఇప్పటికీ వాడుతున్నారు.

ఎందుకు మెత్తబడుతుందో చాలా కాలం ఎవరికీ తెలియదు. మలంలో ఉండే జీర్ణరసాలు, సూక్ష్మజీవులు ఈ పని చేస్తున్నాయని తర్వాత తేలింది. జర్మనీలో ఒట్టో రోమ్ అనే రసాయన శాస్త్రవేత్త జంతువుల క్లోమగ్రంథి నుంచి తీసిన ఎంజైముతో "ఒరోపాన్" అనే పొడి తయారుచేశాడు. 1907లో ఒట్టో హాస్ అనే స్నేహితుడితో కలిసి కంపెనీ పెట్టాడు. ఆ పొడి శుభ్రంగా ఉంటుంది, ఎప్పుడూ ఒకే రకంగా పని చేస్తుంది. ఇక బకెట్లతో పని ఏముంది? కొన్నేళ్లలో కుక్క మలానికి కొనేవాడు లేకుండా పోయాడు. తన పని దండగ అని ఎవరూ చెప్పకుండానే ఒక వృత్తి పోయింది.

3. మన వైపు తోలు కథ

దక్షిణాదిలో తోలు పదునుకు పేరు తెచ్చింది తంగేడు చెక్క. తమిళంలో ఆవారం అంటారు. సంక్రాంతికి మనం పచ్చగా చూసే ఆ పువ్వు చెట్టే. తంగేడు బెరడుతో పదును చేసి, కరక్కాయతో ముగించిన మద్రాసు తోళ్లు ఓడలెక్కి లండన్ వేలంలో అమ్ముడుపోయేవి. తెలుగు ఊళ్లలో ఈ పని లంద గుంటల దగ్గర జరిగేది. చేసింది మాదిగలు.

నేను గూడ్సు, పార్సిల్ పని చూసిన రోజుల్లో ఆంబూరు, వాణియంబాడి వైపు నుంచి తోళ్ల బుకింగు వచ్చేది. మా రూల్సులో "అఫెన్సివ్ గూడ్సు" అని ఒక వర్గం ఉండేది. తడి తోళ్లు, ఎముకలు, పెంట ఎరువు లాంటివి అందులో వస్తాయి. వాసన వచ్చే సరుకు గనుక ప్యాకింగుకు, బుకింగుకు వేరే షరతులు. రూలు సరుకును మాత్రమే అట్లా పిలిచింది. మోసే మనిషిని అట్లా చూడడం రూలు పుస్తకంలో లేదు, మనమే కలుపుకున్నాం.

మద్రాసు సబర్బన్ లైనులో పల్లావరం దాటితే క్రోంపేట. క్రోమ్ లెదర్ కంపెనీ వల్ల ఆ పేరు వచ్చింది. అడయార్‌లో కేంద్ర తోలు పరిశోధన సంస్థ 1948లో మొదలైంది. దాన్ని ప్రపంచమంతా తెలిసేట్టు చేసిన డైరెక్టరు యలవర్తి నాయుడమ్మ గారు తెనాలి ప్రాంతం తెలుగువారు. 1985లో కనిష్క విమానం పేలిపోయినప్పుడు అందులో ఆయన కూడా పోయారు. తోలు అంటేనే దూరం జరిగే కాలంలో, రైతు ఇంట్లో పుట్టిన మనిషి దాన్ని శాస్త్రంగా చేసుకున్నారు. మన సంఘం హాల్లో ఆయన పటం ఉంటే బాగుంటుందని నా కోరిక.

4. ధర పోయి జరిమానా వచ్చింది

కొనేవాడు లేని వస్తువు వీధిలోనే పడి ఉంటుంది. నగరాల్లో పెంపుడు కుక్కలు పెరిగే కొద్దీ అది పెద్ద తగువు అయింది. న్యూయార్క్ నగరంలో 1978 ఆగస్టు 1 నుంచి ఒక చట్టం అమలులోకి వచ్చింది: నీ కుక్క వేసింది నువ్వే ఎత్తాలి, ఎత్తకపోతే 100 డాలర్ల దాకా జరిమానా. జనం మొదట నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు. ఇతర ఊళ్లు కూడా అదే దారి పట్టాయి.

అట్లాంటి చోట్ల పెరడు శుభ్రం చేసే సర్వీసులు పుట్టాయి. వారానికి ఒకసారి వచ్చేది ఒక రకం. ఇంటికి చుట్టాలు వస్తున్నారు, ఇల్లు అమ్ముతున్నారు, మంచు కరిగి ఆరు నెలల పెంట బయటపడింది, అర్జెంటుగా ఒక్కసారి వచ్చి ఎత్తిపోండి అని పిలిచేది ఇంకో రకం. ఆ ఒక్కసారి పనికి రేటు ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే పోగుపడింది ఎక్కువ, టైము తక్కువ. అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడిగితే చెబుతారు. బండి మీద బొమ్మ వేయించుకుని, తమాషా పేరు పెట్టుకుని ఆ వ్యాపారం చేస్తారు. సాయంత్రం చేతులు కడుక్కుంటే పని అయిపోయింది. వాళ్ల పిల్లలకు బడిలో ఆ పేరు అంటదు.

5. మన దేశంలో చేతులు కడిగినా పోనిది

లండన్‌లో పేదరికం చేయించిన పని ఇక్కడ పుట్టుక చేయించింది. ఇదే తేడా. తమిళనాడు పట్టణాల్లో వీధులు ఊడ్చి, మరుగుదొడ్లు కడిగిన వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. అరుంధతియర్లలోనూ, ఆది ఆంధ్రులలోనూ తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో. 2009లో తమిళనాడు ప్రభుత్వం అరుంధతియర్లకు ఎస్సీ కోటాలో 3 శాతం వేరుగా ఇచ్చింది, వాళ్లు ఎంత వెనకబడి ఉన్నారో చూసే.

కర్ణాటకలో కోలారు బంగారు గనుల ఊరు తీసుకోండి. అక్కడ 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ గారి ఇంటివాళ్లు డ్రై లెట్రిన్లు ఎత్తేవాళ్లు. ఆయన ఆ పని మానిపించడానికే జీవితం పెట్టుకున్నారు. ఆయనతో నిలబడి సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టినవాళ్లలో ఎస్.ఆర్. శంకరన్ గారు ఉన్నారు. ఆయన తమిళుడు, ఆంధ్రప్రదేశ్ కేడరు ఐఏఎస్ అధికారి. కర్ణాటకలో తెలుగువాడు, ఆంధ్రలో తమిళుడు, ఇద్దరూ ఒక పనికి కలిశారు. భాషా సంఘాలు నడిపే మనం దీన్ని గమనించాలి. విల్సన్ గారికి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది.

చేతితో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. మురుగు కాలువల్లో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. మా రైల్వే కూడా ఈ పాపంలో భాగస్తురాలే. బయో టాయిలెట్లు వచ్చేదాకా పట్టాల మీద పడినదాన్ని ఎవరో ఒకరు కడగాల్సి వచ్చేది. ప్లాట్‌ఫారం మీద నుంచి మేమందరం చూశాం.

చట్టం చెప్పేది మనిషి మలం గురించి. కుక్క మలం ఎత్తించడం నేరం కాదు. కానీ పిలిస్తే వచ్చే చేతులు చాలాసార్లు అవే చేతులు. అందుకే జాగ్రత్త కావాలి అంటున్నాను.

6. మన ఆవరణ లెక్క

పోయిన నెల ఉత్సవానికి రెండు రోజుల ముందు హాలు గేటు తీస్తే, ఆవరణ నిండా వీధి కుక్కల పెంట. వాచ్‌మన్ ఊరికి పోయి మూడు వారాలు. ఒక ప్రైవేటు సర్వీసుకు ఫోను చేశాం. ఇద్దరు వచ్చి నాలుగు గంటల్లో ఎత్తి, కడిగి పోయారు. బిల్లు 3,500. "కుక్క పెంటకు మూడున్నర వేలా?" అని గ్రూపులో ఇరవై మెసేజులు వచ్చాయి.

ఆ పని అవసరమా అని అడిగినవాళ్లకు ఒక మాట. కుక్క పేగుల్లో ఉండే కొంకిపురుగు పిల్లలు మట్టిలో నుంచి పాదాల చర్మంలోకి దూరుతాయి. ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, పైన బ్లీచింగ్ పౌడరు చల్లితే చావవు. ఆ గుడ్లు పడిన రోజే అంటుకోవు, పురుగు తయారవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకని తొందరగా ఎత్తేస్తేనే లాభం. ఉత్సవం రోజు మన పిల్లలు చెప్పులు విడిచి ఆడింది ఆ మట్టిలోనే.

రేటు సంగతి వేరు. వచ్చిన ఇద్దరూ తమలో తాము తెలుగులో మాట్లాడుకుంటున్నారు. "అన్నా, ఈ మూల కూడా చూడు" అని చిన్నవాడు అన్నాడు. నేను తెలుగులో పలకరిస్తే ముందు తమిళంలో జవాబిచ్చారు, తర్వాత మెల్లగా తెలుగులోకి వచ్చారు. తాతల కాలం నుంచి ఈ నగరమే. బిల్లులో వాళ్ల చేతికి వచ్చేది తలా 600 అట. గ్లౌజులు వాళ్ల సొంత డబ్బుతో కొన్నవి.

మనం 3,500 ఎక్కువ అని తగువు పడ్డాం. 600 తక్కువ అని ఒక్కరూ అనలేదు. నాకు బాధ అనిపించింది అక్కడే.

7. నేను ప్రతిపాదించేది

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగూ పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.

ఒకటి. ఇకమీద ఇట్లాంటి అర్జెంటు పనికి పిలిచేటప్పుడు ముందే అడగాలి: స్థలం ఎంత, ఎన్నాళ్లది, మనుషులు ఎందరు, గ్లౌజులు బూట్లు ఎవరు ఇస్తారు, పనివాడి చేతికి ఎంత పోతుంది, ఎత్తినది ఎక్కడ వేస్తారు. వాన కాలువలోనూ, కూరగాయల మడిలోనూ వేయకూడదు. అది ఆవు పేడ కాదు.

రెండు. పని అయ్యాక కాళ్లు చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు, కూర్చోవడానికి కుర్చీ, అందరం తాగే గ్లాసులోనే కాఫీ. ఇది ఖర్చు లేని తీర్మానం.

మూడు. వాచ్‌మన్ సెలవులో ఉంటే గేటు చూసే బాధ్యత సభ్యులు వంతులవారీగా తీసుకోవాలి. ఎవరి పెంపుడు కుక్క వేసింది వాళ్లే ఎత్తాలి. కుక్కలకు ఆపరేషను, టీకాల కోసం కార్పొరేషనుకు ఉత్తరం రాయాలి.

నాలుగు. మన సభ్యత్వ రిజిస్టరు ఒకసారి తెరిచి చూడండి. జనాభా లెక్కల్లో తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నారని ప్రభుత్వానికి రాసే ప్రతి ఉత్తరంలో పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలను కలుపుకుంటాం. రిజిస్టరులో మాత్రం వాళ్ల వీధి పేరు ఒక్కటీ లేదు. నేను చదివింది తమిళ మీడియంలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక సంఘం తరగతిలో నేర్చుకున్నాను. ఆ తరగతి వాళ్ల పిల్లలకు కూడా తెరవాలి, మనమే వాళ్ల వీధికి పోయి పిలవాలి.

లండన్ వాళ్లు ఆ సరుకును శుద్ధం అన్నారు. తమిళనాడు ప్రభుత్వం ఇప్పుడు ఆ మనుషులను "తూయ్మై పణియాళర్" అంటోంది, అదీ శుద్ధం అనే మాటే. మాటలు మారాయి, మంచిదే. మిగతాది సమావేశంలో మాట్లాడుకుందాం. సభ్యత్వ ఫారాలు నేను తీసుకువస్తాను, నాతో పాటు ఆ వీధికి రాగలిగిన వాళ్లు పేరు చెప్పండి.