కొంగు ముడిలో బీర గింజలు



పోయిన వానాకాలం ఆరాధన ముగిశాక మన సంఘంలోని ఒక అవ్వ కొంగు ముడి విప్పి, నల్లటి బీర గింజలు నా చేతిలో పోసింది. "అయ్యగారూ, నాలుగేండ్ల కిందటియి. మొలుస్తయా?" అంది. పది గింజలు తడిగుడ్డలో చుట్టిపెట్టాం. వారానికి నాలుగు మొలిచాయి. అది ఆమె అత్తగారి నాటి విత్తనం. ఆ నాలుగూ మొలవకపోతే ఇక లేనట్టే.

ఒకప్పుడు ఇలాంటి ముడి ప్రతి ఇంట్లో ఉండేది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ మన బాన్సువాడ ప్రాంతానికి వరి ఇచ్చింది. అది మేలే, కాదనను. ఆ తర్వాత దుకాణంలో హైబ్రిడ్ ప్యాకెట్లు వచ్చాయి. హైబ్రిడ్ కాయ గింజ దాచి వేస్తే మళ్లీ అదే కాయ రాదు. అందుకే ఏటేటా కొనాలి. కొనడం అలవాటయ్యాక దాచడం మరిచిపోయాం.

మరిచిపోనివాళ్లు దూరంలో లేరు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ పల్లెల్లో, 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో స్త్రీలు సంఘాలు కట్టుకున్నారు. వారిలో ఎక్కువమంది దళితులు, రాళ్ల చెలకలే వారి ఆస్తి. జొన్న, కొర్ర, కంది విత్తనాలను బూడిద, వేపాకు కలిపి, మట్టితో అలికిన బుట్టల్లో దాచారు. విత్తనం కావలసినవారు డబ్బు కట్టనక్కర్లేదు. పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి ఇవ్వాలి. సంక్రాంతి రోజుల్లో ఆ విత్తనాలు ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతరగా ఊరూరా తిరుగుతాయి. 2019లో వారి సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

యోసేపు కొట్లు మనందరికీ తెలుసు. ఆదికాండము 47వ అధ్యాయంలో అతడు విత్తనాలు కూడా పంచాడన్నది మాత్రం చదివి దాటేస్తాం. పంటలో ఐదో వంతు ఫరోకు, మిగిలిన నాలుగు వంతుల్లోనే జనానికి విత్తనమూ తిండీ. (అప్పటికే వాళ్లు భూములు అమ్ముకున్నారు. అది వేరే ప్రసంగం.) జహీరాబాద్‌లో ఆ ఎక్కువ కొలత ఏ ఫరోకూ పోదు, వాళ్ల బుట్టలోకే తిరిగి వస్తుంది.

అవ్వ నాలుగు మొక్కల్లో ఒకటి మేక తినేసింది. మూడు పందిరెక్కాయి. పక్కింటి హైబ్రిడ్ బీర పుప్పొడి కలిస్తే జాతి చెడుతుందని, సాయంత్రం విచ్చబోయే పిందె పూలకు ముందుగానే గుడ్డ సంచి కట్టి, మగపూవు తెచ్చి చేత్తో అద్దాం. ఆ కాయలు కోయనివ్వలేదు. కూరకు అడిగినవాళ్లకు కోపం కూడా వచ్చింది. తీగ మీదే ఎండి, ఊపితే గలగలమన్నాక అవ్వ వాటిని వంటింట్లో వేలాడదీసింది.

ఈ ఆదివారం గింజలు తెస్తానంది. గుప్పెడు తీసుకున్నవారు వచ్చే ఏడు ఆమెకు రెండు గుప్పెళ్లు తిరిగి ఇవ్వాలి. పేర్లు నేను రాసుకుంటాను.