స్త్రీ రక్షా ప్యాడ్లు

యాదాద్రి భువనగిరి జిల్లా ముల్కలపల్లి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విద్యార్థినులు రూపొందించిన, మట్టిలో కలిసిపోయే శానిటరీ ప్యాడ్లు. చెరువులను కమ్మేసే గుర్రపుడెక్కకు వేప, పసుపు, మెంతులు, సబ్జా గింజలు జోడించి వీటిని తయారుచేశారు. ప్యాడ్లు కొనే స్తోమత లేని ఇళ్లలో నేటికీ పాతబట్టే దిక్కు. దాన్ని ఎండలో ఆరేయడానికి సిగ్గుపడి, నీడన తడితడిగానే దాచి మళ్లీ వాడితే ఇన్ఫెక్షన్లు సోకే ప్రమాదముంది. స్త్రీ రక్షా ప్యాడ్లకు తెలంగాణ స్కూల్ ఇన్నోవేషన్ ఛాలెంజ్ 2020లో ప్రథమ బహుమతి దక్కింది. ‘ముట్టు’ అని గుసగుసగా చెప్పుకునే మాటను బడిపిల్లలే పోటీ వేదికపైకి తేవడం గొప్ప తెగువ.

ప్యాడ్ల ఖర్చు భారం తగ్గించేందుకు ప్రభుత్వాలూ అడుగేశాయి. శానిటరీ ప్యాడ్లపై 12 శాతం జీఎస్టీని కేంద్రం 2018 జులైలో ఎత్తివేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పథకం తెచ్చి, ప్రభుత్వ విద్యాసంస్థల్లో 7 నుంచి 12వ తరగతి బాలికలకు నెలకు 10 ప్యాడ్ల చొప్పున ఉచితంగా ఇచ్చింది.