కుక్కల నుంచి కుక్కల దాకా: ఒక మాత్ర చరిత్ర

వానాకాలం రాగానే కొన్ని కుక్కలు తమ ఒళ్ళు తామే పీక్కుతినడం మీరు చూసే ఉంటారు. వెనక కాలితో చెవి గోక్కుంటాయి, పాదాలు అదే పనిగా నాకుతాయి. పొట్టకింద చర్మం ఎర్రబడి జుట్టు రాలుతుంది. రాత్రంతా ఇంట్లోవాళ్ళకు నిద్ర ఉండదు. పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళితే ఆయన పరీక్షించి, అవసరమనుకుంటే ఒక చిన్న మాత్ర రాస్తారు. దాని పేరు ప్రెడ్నిసొలోన్. మనుషుల్లో ఉబ్బసానికీ, కీళ్ళవాతానికీ ఇచ్చేదీ ఇదే. ఒకటి రెండు రోజుల్లో కుక్క గోక్కోవడం తగ్గించి ప్రశాంతంగా నిద్రపోతుంది.

చిక్కంతా ఆ తరవాతే. మాత్రలు అయిపోయాక దురద మళ్ళీ మొదలవుతుంది. మళ్ళీ వైద్యుడి దాకా ఎందుకులే అని పాత చీటీ పట్టుకుని మందుల దుకాణానికి వెళ్ళేవారున్నారు. అలా నెలల తరబడి వాడి, ఎవరో భయపెట్టగానే ఉన్నట్టుండి మానేసేవారూ ఉన్నారు. ఈ రెండు పనులూ ఎందుకు ప్రమాదమో తెలియాలంటే ఈ మాత్ర పుట్టుక తెలియాలి. ఆ కథలో కుక్కలు మొదటినుంచీ ఉన్నాయి. అయితే రోగులుగా కాదు.

లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో థామస్ ఎడిసన్ అనే వైద్యుడుండేవాడు. (విద్యుద్దీపం ఎడిసన్ వేరు, ఈయన వేరు.) కొందరు రోగులు రోజురోజుకీ నీరసించి, ఆకలి చచ్చి, చర్మం కంచు రంగుకు తిరిగి, చివరకు మరణించడం ఆయన గమనించాడు. శవపరీక్షలో వారి మూత్రపిండాలపై టోపీల్లా కూర్చునే ఎడ్రినల్ గ్రంథులు పాడైపోయి కనిపించాయి. 1855లో ఆయన దీనిపై పుస్తకం ప్రచురించాడు. అప్పటివరకూ ఆ గ్రంథులు ఎందుకున్నాయో ఎవరికీ తెలియదు. మరుసటి ఏడాదే పారిస్‌లో బ్రౌన్-సెకార్ అనే శాస్త్రజ్ఞుడు జంతువుల నుంచి ఆ గ్రంథులను తీసివేసి చూశాడు. అవి బతకలేదు. మనిషిలో ఒక్కోటి నాలుగైదు గ్రాములకు మించని ఈ గ్రంథులు లేకుండా ప్రాణం నిలవదని తేలింది.

ఆ గ్రంథిలో ప్రాణాధారమైనది ఏది? లోపలి భాగం నుంచి ఎడ్రినలిన్ దొరకగానే చాలామంది అదేననుకున్నారు. కాదని క్రమంగా తేలింది. అసలు సంగతి పైపొరలో, అంటే కార్టెక్స్‌లో ఉంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రోగాఫ్, స్టీవార్ట్ 1920లలో గ్రంథులు తీసేసిన కుక్కలకు ఈ పైపొర సారాన్ని ఎక్కించి, వాటి ఆయుష్షు ఎంత పెరుగుతుందో కొలిచారు. 1930లో ప్రిన్స్‌టన్‌లో స్వింగిల్, ఫిఫ్నర్ మరింత శక్తిగల సారాన్ని తయారుచేసి ముందు పిల్లులపై, తరవాత కుక్కలపై ప్రయోగించారు. గ్రంథి లేని కుక్క తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, లేవలేక పడుకుండిపోతుంది, కొద్ది రోజుల్లో చనిపోతుంది. సారం ఇస్తే లేచి తిరుగుతుంది. ఇవ్వడం ఆపితే మళ్ళీ పడిపోతుంది. ఏ సారంలో ఎంత శక్తి ఉందో కొలవడానికి ఆ రోజుల్లో కుక్క ప్రాణమే తూకపురాయి. చదవడానికి కష్టంగానే ఉంటుంది. జంతువులపై ప్రయోగాలను అదుపుచేసే కమిటీకి మన దేశంలో చట్టం దారి చూపింది 1960లో.

ఆ సారంలో ఉన్న పదార్థాలను విడదీసే పని ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు విడివిడిగా చేపట్టారు. ఒకరు స్విట్జర్లాండ్‌లో రైక్‌స్టైన్, మరొకరు అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్. కెండాల్‌కు కబేళాల నుంచి వచ్చే పశువుల గ్రంథులను ఒక మందుల కంపెనీ ఉచితంగా ఇచ్చేది. బదులుగా ఆయన వాటినుంచే ఎడ్రినలిన్ తీసి ఆ కంపెనీకి ఇచ్చేవాడు. మన ఊళ్ళో వడ్లు మరపట్టించి తవుడు మిల్లుకు వదిలేసే బేరంలాంటిదే. వందల కిలోల గ్రంథుల నుంచి గ్రాముల్లో పదార్థాలు దొరికేవి. వాటికి పేర్లు పెట్టే ఓపిక లేక ఎ, బి, ఇ, ఎఫ్ అని అక్షరాలు తగిలించారు.

మేయో క్లినిక్‌లోనే ఫిలిప్ హెంచ్ అనే కీళ్ళవాతం వైద్యుడు 1929లో ఒక వింత చూశాడు. కీళ్ళు బిగుసుకుపోయిన ఒక రోగికి పచ్చకామెర్లు వచ్చాయి. కామెర్లు ఉన్నన్నాళ్ళూ కీళ్ళనొప్పులు మాయమయ్యాయి. గర్భిణులలోనూ ఆ నొప్పులు తగ్గడం ఆయన గమనించాడు. శరీరం తనకు తానే ఏదో మందు తయారుచేసుకుంటోందని ఊహించాడు. దాన్ని వెతకడానికి ఆయనకు దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఈలోగా రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మన్ పైలట్లు ఎడ్రినల్ సారం తీసుకుని చాలా ఎత్తున ఎగురుతున్నారని ఒక వదంతి పుట్టింది. అందులో నిజం లేదుగానీ, ఆ భయంతో అమెరికా ప్రభుత్వం ఈ పరిశోధనకు ఊతమిచ్చింది. 1944లో మెర్క్ కంపెనీలో లూయిస్ సారెట్ పశువుల పిత్తరసంలోని ఒక ఆమ్లం నుంచి సుమారు 36 రసాయన చర్యల తరవాత ‘ఇ’ పదార్థాన్ని తయారుచేశాడు. 1948 సెప్టెంబరు 21న హెంచ్ బృందం దాన్ని 29 ఏళ్ళ ఒక రోగికి మొదటిసారి ఇంజెక్షన్‌గా ఇచ్చింది. మంచంమీద పక్కకు తిరగడానికే కష్టపడే ఆమె, వారం తిరిగేసరికి బజారుకు వెళ్ళి వచ్చింది. ‘ఇ’కి కార్టిసోన్ అని పేరు పెట్టారు. రెండేళ్ళకే, 1950లో, కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అంత త్వరగా నోబెల్ అందుకున్న మందులు అరుదు.

అయితే మందు ఆపగానే నొప్పులు తిరిగొచ్చాయి. కొనసాగిస్తే ముఖం గుండ్రంగా ఉబ్బింది, కొందరి మానసిక స్థితి మారింది. ఇది జబ్బును నయంచేసే మందు కాదని హెంచ్ మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు. పత్రికలు మాత్రం మహిమ అనే రాశాయి. పత్రికలవాళ్ళం మా అలవాటు మాది.

అంతకంటే ముఖ్యమైన హెచ్చరిక ఇంకా ముందే వెలువడింది. దాన్ని అర్థం చేసుకోవడానికి మీ మేడమీది నీళ్ళ ట్యాంకును తలచుకోండి. అందులో నీటిపై తేలే బంతి ఒకటి ఉంటుంది. నీరు తగ్గితే బంతి దిగి కుళాయి తెరుచుకుంటుంది, నిండితే మూసుకుంటుంది. మన శరీరంలో ఆ బంతి పని మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి చేస్తుంది. రక్తంలో కార్టిసాల్ తగ్గితే అది ఎడ్రినల్‌కు ‘తయారుచెయ్’ అని హార్మోను పంపుతుంది, పెరిగితే ఆపుతుంది. బయటినుంచి మనం మాత్రల రూపంలో పోస్తూ ఉంటే పీయూష గ్రంథి నిండుగా ఉందనుకుని ఊరుకుంటుంది. ట్యాంకు కుళాయికి వాడకపోయినా ఏమీ కాదు. కానీ ఎడ్రినల్ గ్రంథి పనిలేక కుంచించుకుపోతుంది. 1937లోనే ఇంగిల్, కెండాల్ ఎలుకలకు ఈ సారం ఎక్కువగా ఇచ్చి వాటి గ్రంథులు చిన్నబోవడం చూపించారు. అంటే తొలి రోగికి మందు ఇవ్వడానికి 11 ఏళ్ళ ముందే సంగతి తెలుసు! అయినా 1952లో అమెరికాలోని ఒక వైద్యపత్రిక ఒక విషాదాన్ని నమోదు చేయవలసి వచ్చింది. కార్టిసోన్ వాడుతూ వచ్చిన 34 ఏళ్ళ యువకుడు శస్త్రచికిత్స తరవాత షాక్‌లోకి వెళ్ళి మరణించాడు. అతని ఎడ్రినల్ గ్రంథులు ముడుచుకుపోయి ఉన్నాయి. శస్త్రచికిత్సవంటి ఒత్తిడిలో శరీరానికి కార్టిసాల్ చాలా ఎక్కువ కావాలి. దాన్ని తయారుచేసే గ్రంథి అప్పటికే నిద్రపోయింది.

ఇంత ప్రమాదం తెలిసీ వాడకం ఎందుకు పెరిగిందంటారా? చవకైపోయింది కాబట్టి. 1949లో గ్రాము 200 డాలర్లు ఉండేది. 1952లో అప్‌జాన్ కంపెనీ శాస్త్రజ్ఞులు రైజోపస్ అనే బూజుకు, మెక్సికో అడవిదుంపల నుంచి వచ్చిన ముడిపదార్థాన్ని అప్పగించి, అనేక రసాయన చర్యల పనిని ఒక్క చర్యలో చేయించారు. 1955లో షెరింగ్ కంపెనీలో ఆర్థర్ నోబిల్ మరో సూక్ష్మజీవి చేత కార్టిసోన్ నుంచి రెండు హైడ్రోజన్ పరమాణువులను తీయించాడు. అలా పుట్టిన ప్రెడ్నిసోన్, దాని తోబుట్టువు ప్రెడ్నిసొలోన్ వాపు తగ్గించడంలో మన సొంత కార్టిసాల్ కంటే సుమారు నాలుగు రెట్లు శక్తిగలవి. శరీరంలో ఉప్పు నిలవచేసే గుణం మాత్రం తక్కువ. ప్రెడ్నిసోన్ దానంతట అది పనిచేయదు, కాలేయం దాన్ని ప్రెడ్నిసొలోన్‌గా మార్చాలి. ఈ మార్పు కుక్కలలో బాగా జరుగుతుంది. పిల్లులలో, గుర్రాలలో సరిగా జరగదు. కాబట్టి పిల్లికి పశువైద్యుడు నేరుగా ప్రెడ్నిసొలోనే రాస్తారు.

ఇంతకీ కుక్కకు ఎలర్జీ ఉంటుందని ఎప్పుడు తెలిసింది? 1941లో విట్టిచ్ అనే అమెరికన్ వైద్యుడు ఒక కుక్కను వర్ణించాడు. ప్రతి ఏడూ ఒకే ఋతువులో, ఒక కలుపుమొక్క పుప్పొడి గాలిలో తేలే రోజుల్లోనే దానికి జబ్బు వచ్చేది. ఆయన ఆ పుప్పొడి సారాన్నే కొద్దికొద్దిగా ఇంజెక్షన్లుగా ఇచ్చి దాన్ని అలవాటు చేయించాడు. ఇది 1911లో లండన్‌లో మనుషులకోసం కనిపెట్టిన పద్ధతి. ఇప్పటికీ వాడుకలో ఉంది. కానీ నెలల ఓపిక కావాలి. రెండురోజుల్లో దురద ఆపే మాత్ర 1950లలో రాగానే ఓపిక అక్కరలేదనిపించింది. నా ఉద్దేశంలో, కారణం వెతకడం మానేయడమే ఈ మాత్ర మనకు చేసిన పెద్ద అపకారం. ఆ తప్పు మాత్రది కాదు లెండి.

ఎందుకంటే మందు చేసే పని నిజంగా గొప్పది. అది కణంలోకి చొరబడి, గ్రాహకాన్ని కలుపుకుని కేంద్రకంలోకి వెళ్ళి, వాపును రగిలించే ప్రోటీనుల జన్యువులను అణచివేస్తుంది. ఊపిరాడని ఎలర్జీలో, శరీరం తన రక్తకణాలనే నాశనం చేసుకునే జబ్బులలో ఇది కుక్క ప్రాణం నిలుపుతుంది. కాని గోకడానికి కారణం పిడుదులో, చర్మంలో దాగిన గజ్జి పురుగులో అయితే? వాటిని అదుపులో ఉంచే రోగనిరోధక శక్తినే ఇది తగ్గిస్తుంది. దురద ఆగుతుంది, పురుగులు పెరుగుతాయి. మామూలు నొప్పిమాత్రలతో కలిపి ఇస్తే కడుపులో పుండ్లుపడి రక్తం పోవచ్చు. 2021లో కోవిడ్ రోజుల్లో మన దేశంలో విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లు, అదుపులేని మధుమేహంతో కలిసి, బ్లాక్ ఫంగస్‌కు ఎలా దారితీశాయో మీకు గుర్తుండే ఉంటుంది.

ఎక్కువకాలం వాడితే కుక్క విపరీతంగా నీళ్ళు తాగుతుంది, ఇంట్లోనే మూత్రం పోస్తుంది, ఎప్పుడూ ఆకలంటుంది, వగరుస్తుంది. పొట్ట జారి, జుట్టు పలచబడి, చర్మం కాగితంలా అవుతుంది. కార్టిసాల్ మితిమీరిన మనుషులను 1932లో హార్వే కుషింగ్ వర్ణించాడు. ఇది కుక్కలో దాని ప్రతిరూపమే. ఆయన తన పీయూష గ్రంథి పరిశోధనలను అంతకు రెండు దశాబ్దాలకు పైగా ముందే కుక్కలపై మొదలుపెట్టాడు.

కాబట్టి పశువైద్యులు ఎలర్జీకి సాధారణంగా కిలో బరువుకు రోజుకు అర నుంచి ఒక మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, దురద తగ్గగానే మోతాదు దించుతారు. (ఈ అంకెలు అర్థం కావడానికి ఇచ్చినవి, ఇంట్లో లెక్కకట్టడానికి కాదు.) ఇంకా కావాలంటే రోజు విడిచి రోజుకు మారుస్తారు. మధ్యలో ఖాళీ ఉన్న రోజు గ్రంథి మేలుకుని పనిచేస్తుంది. మనుషుల్లో ఈ పద్ధతిని 1963లో అమెరికన్ వైద్యులు వివరించారు. 2013లో అమెరికాలో ఓక్లాసిటినిబ్ అనే మాత్రకు అనుమతి లభించాక కొన్ని కుక్కలకు స్టెరాయిడ్ లేకుండానే దురద తగ్గించే వీలు కలిగింది. దానికీ తన హెచ్చరికలు తనకున్నాయి, ధరా ఎక్కువే.

వారాల తరబడి వాడిన మాత్రను ఒక్కసారిగా ఆపేస్తే నిద్రపోయిన గ్రంథి లేవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా కుక్క తిండి మానేసి, వాంతులు చేసుకుని, లేవలేక పడుకుంటే అది క్లీవ్‌లాండ్, ప్రిన్స్‌టన్ ప్రయోగశాలల్లో గ్రంథి కోల్పోయిన కుక్కల లక్షణమే. అప్పుడు పశువైద్యుడికి మొదట చెప్పవలసింది ఏ మాత్ర, ఎన్నాళ్ళు ఇచ్చారు, ఎప్పుడు ఆపారు అన్నది. ఖాళీ అట్ట ఉంటే వెంట తీసుకువెళ్ళండి.