బర్జాన్ బురుజులు చెప్పేదెంత?

ఉమ్ సలాల్ మహమ్మద్‌లోని బర్జాన్ బురుజులను చూడని సభ్యుల కుటుంబాలు మనలో తక్కువే. కర్నూలు కొండారెడ్డి బురుజు ఎరిగిన కంటికి ఇవి పరాయివిగా తోచవు. పైగా 'బురుజు' అనే మాట అరబ్బీ 'బుర్జ్' నుంచి పారసీకం మీదుగా మనకు వచ్చిందే. అయితే బర్జాన్ కూడా అదే మాట కాబోలు అనుకోరాదు. మనం రెంటినీ 'జ'తోనే రాస్తాం గాని అరబ్బీలో వాటి ధాతువులు వేరు. బర్జాన్ అంటే ఎత్తయిన చోటు.

ఈ బురుజులు 19వ శతాబ్దం చివర కట్టినవని కొందరు, 1910 ప్రాంతానివని కొందరు అంటారు. షేక్ మహమ్మద్ బిన్ జాసిమ్ అల్ థానీ పేరు మాత్రం రెండు కథనాల్లోనూ ఉంది. 2003లో వీటిని బాగుచేశారు. ఇంతవరకు పెద్ద పేచీ లేదు.

ఎందుకు కట్టారన్న దగ్గరే చిక్కు. పల్లపు నేలలో నిలిచే వాననీటికి కాపలా కోసమని ఒక మాట. ముత్యాల వేట పడవలను కనిపెట్టడానికని మరొకటి. నెలవంకను చూసి తిథులు లెక్కించడానికని ఇంకొకటి. రెండు పంచాంగాలు రెండు రోజుల్లో పండుగ చెబితే తలపట్టుకునే మనకు ఈ మూడోది సహజంగానే ముచ్చటగా ఉంటుంది!

పడవల మాటనే కాస్త పరీక్షిద్దాం. బురుజు ఎత్తు సుమారు 16 మీటర్లు. చదును నేల మీద అంత ఎత్తు నుంచి దాదాపు 14 కిలోమీటర్ల దూరం కనిపిస్తుంది. తూర్పు తీరం సుమారు పది కిలోమీటర్లే. కనుక సముద్రం కనిపించడం సాధ్యమే. కాని కనిపిస్తుందని తేలినంత మాత్రాన అందుకే కట్టారని తేలదు. పడవల కోసమే అయితే తీరాన్నే కట్టుకోవచ్చు గదా? ఈ ఎడారిలో మంచినీటి విలువ తలచుకుంటే నీటి కాపలా మాటకే నా మొగ్గు. అదీ మొగ్గే, తీర్పు కాదు. ఒకే బురుజు మూడు పనులకూ పనికివచ్చి ఉండవచ్చు కూడా.

ఇక మన కూటముల్లో తరచు వినే మాట: "హైదరాబాదు ముత్యాలు ఈ ఖతర్ సముద్రానివే." వినడానికి ఎంతో బాగుంది. అచ్చులో పడితే రేపు పిల్లలు బడిలో అదే అప్పచెబుతారు. అందుకే కొంచెం ఆగాలి. నిజాముల కాలంలో పేరుమోసిన 'బస్రా ముత్యం' బస్రాలో పుట్టింది కాదు. అది వర్తకపు పేరు. గల్ఫు ముత్యాల దిబ్బల మీద ఖతర్ వాళ్లతో పాటు బహ్రెయిన్, కువైట్ వాళ్లూ మునిగేవారు. సరుకులో పెద్ద భాగం బొంబాయి చేరేది. అక్కడ పరిమాణాన్ని, రంగును బట్టి ఏరి కలిపేవారు. కలిపాక ఏ ముత్యం ఎవరు తీసిందో చెప్పడం ఎవరి తరం? 1930ల నాటికి జపాను పెంపకపు ముత్యాలు, ఆర్థిక మాంద్యం కలిసి ఈ వర్తకాన్ని దెబ్బతీశాయి. నేడు చార్మినారు దగ్గర అమ్మేవి చాలావరకు చైనా మంచినీటి ముత్యాలు.

కనుక పిల్లలు అడిగితే, అమ్మమ్మగారి పాత హారంలో గల్ఫు ముత్యం ఉండవచ్చని, అది ఖతర్ వాళ్లు తీసిందీ కావచ్చని చెప్పండి. ఉమ్ సలాల్ బురుజు మీది కావలివాడు దాన్ని తెచ్చిన పడవను చూశాడని మాత్రం చెప్పకండి.