పి. రామ్లీ కాలపు మలయా పాట

తెలుగువారికి మలేషియా అంటే పూర్వీకులు కూలీలుగా వెళ్ళి పనిచేసిన రబ్బరు, కొబ్బరి తోటల దేశంగానే ఎక్కువ పరిచయం. అప్పట్లో మలయా అని పిలిచిన ఆ దేశం బ్రిటిష్ పాలన నుండి బయటపడుతున్న 1950ల దశకంలో అక్కడి మలయ్, చైనా, భారతీయ జనాల నోళ్ళలో నానిన సినిమా పాటల చరిత్ర తెలుగునాట అంతగా ప్రచారంలోకి రాలేదు. నిజానికి ఆ పాటల పుట్టుకలో భారతదేశపు పాలు తక్కువేమీ కాదు.

ఆ సంబంధం సినిమా కంటే ముందే నాటకంతో మొదలైంది. పంతొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో పార్శీ నాటక సమాజాలు పినాంగ్ రేవులో దిగి ప్రదర్శనలివ్వగా, వాటిని చూసి స్థానికులు మలయ్ భాషలో రూపొందించుకున్న నాటక పద్ధతికి బాంగ్సావాన్ అని పేరు వచ్చింది. చిత్రించిన తెరలు, రాజుల కథలు, రంగం మారే వ్యవధిలో ముందుకు వచ్చి పాడే విడిపాటలు దాని లక్షణాలు. దాదాపు అదే కాలంలో ధార్వాడ, పార్శీ సమాజాల ప్రభావంతో తెలుగు రంగస్థలం కూడా పాటల నాటకం వైపు మొగ్గింది కనుక, కథ నడుమ పాటను సహజంగా స్వీకరించే ప్రేక్షకులు సముద్రానికి రెండు వైపులా ఒకే ప్రభావం కింద తయారయ్యారని చెప్పవచ్చు.

ఆ ప్రభావం సినిమాలోనూ కొనసాగింది. సింగపూర్‌లోని జాలాన్ అంపాస్ అనే వీధిలో షా సోదరులు నడిపిన మలయ్ ఫిల్మ్ ప్రొడక్షన్స్ స్టూడియోలో పెట్టుబడి చైనీయులది, తెరమీది ముఖాలూ గొంతులూ ఎక్కువగా మలయ్ వారివి, దర్శకత్వం తొలి దశలో చాలావరకు భారతీయులది. 1934లో ‘లైలా మజ్నూన్’ తీసి మలయ్ సినిమాకు ఆద్యుడైన బి.ఎస్. రాజ్‌హన్స్, మద్రాసులో పుట్టిన ఎల్. కృష్ణన్, కలకత్తాలో ‘స్ట్రీట్ సింగర్’ తీసిన ఫణి మజుందార్ వంటివారు కథలో పాటకు చోటు కల్పించే భారతీయ పద్ధతిని అక్కడ స్థిరపరిచారు.

రాజ్‌హన్స్ 1948లో గుర్తించి సింగపూర్‌కు పిలిపించిన పంతొమ్మిదేళ్ళ పినాంగ్ యువకుడే పి. రామ్లీ. సుమత్రాలోని ఆచే ప్రాంతం నుండి వలస వచ్చిన నావికుని కుమారుడైన రామ్లీ నేపథ్య గాయకుడిగా, చిన్న వేషాల నటుడిగా ప్రవేశించి, 1955లో మూడు చక్రాల రిక్షా తొక్కే పేదవాని కథ ‘పెనారెక్ బెచా’తో దర్శకుడయ్యారు. ఆయన బాణీలలో అస్లీ అనే నిదానమైన, గమకాలతో నిండిన మలయ్ పద్ధతీ, పోర్చుగీసుల కాలం నుండి మలాకాలో వేళ్ళూనిన జోగెట్ అనే చురుకైన నాట్య లయా, గ్రామఫోను రికార్డుల ద్వారా, వినోద ఉద్యానాల నాట్యశాలల ద్వారా వచ్చిన రుంబా, మాంబో, చాచా లయలూ అతుకు కనబడకుండా కలిసిపోయాయి. సాహిత్యం మాత్రం పాంతూన్ సంప్రదాయాన్ని విడిచిపెట్టలేదు. పాంతూన్ అంటే మొదటి రెండు పాదాల్లో ప్రకృతి దృశ్యాన్నీ, తరువాతి రెండింటిలో మనసులోని మాటనూ చెప్పే నాలుగు పాదాల జానపద పద్యం. రంగస్థలంపై చివరి వరుసకు వినిపించేలా ఎత్తిపాడే బాంగ్సావాన్ పద్ధతికి భిన్నంగా, రామ్లీ మైకు ముందు మాట్లాడినంత మెత్తగా పాడారు, ఆ కాలపు పాటకు ఆయన చేసిన అసలైన మేలు బహుశా ఇదే. ఉన్నత వంశపు యువతికీ, పేద సంగీతకారునికీ మధ్య ప్రేమను చూపిన ‘అంతారా దువా దర్జాత్’ (1960)లోని ‘గెతారాన్ జివా’ ఆ మెత్తదనం వల్లనే అంతస్తుల అన్యాయాన్ని ఉపన్యాసం లేకుండా శ్రోత గుండెకు చేర్చింది. ఊరికి దూరమైనవారి గురించి పాడిన ‘దెండాంగ్ పెరాంతావ్’ రంజాన్ పండుగ పాటగా నేటికీ వాడుకలో ఉంది.

జనం పాట ఆ దేశంలో రాజ్యచిహ్నం స్థాయికి చేరిన ఉదాహరణ కూడా 1950ల దశకానిదే. జాతీయగీతం కోసం పోటీ పెట్టి, పేరున్న విదేశీ స్వరకర్తలను సైతం అడిగి, ఏదీ నచ్చక, చివరకు పెరాక్ సంస్థాన గీతపు బాణీని స్వీకరించారు. ‘తెరాంగ్ బులాన్’ అనే ప్రేమపాటగా ఆ బాణీ అప్పటికే ప్రజల్లో ప్రచారంలో ఉండేది. 1957 ఆగస్టు 31న దేశం స్వతంత్రమయ్యే నాటికి అది ‘నెగరకు’ అనే జాతీయగీతంగా మారింది, వినోదం కోసం ఆ బాణీని వాయించడం నిషిద్ధమైంది.

1961లో బ్రిటిష్ వాద్యబృందం షాడోస్ సింగపూర్‌లో ప్రదర్శన ఇచ్చిన తరువాత యువకులు విద్యుత్ గిటార్ల వైపు తిరిగారు, వారి సంగీతానికి పాప్ యే యే అని పేరు పడింది. 1964లో కౌలాలంపూర్‌కు మారిన రామ్లీకి అక్కడి మెర్దెకా స్టూడియోలో జాలాన్ అంపాస్‌లో ఉన్న వాద్యబృందమూ, వనరులూ దొరకలేదు. 1965లో సింగపూర్ మలేషియా నుండి విడిపోగా, పాత స్టూడియో 1967లో మూతపడింది. రామ్లీ పాటలకు పాతవాసన వచ్చిందని కొట్టిపారేసిన నాటి అభిరుచి తొందరపాటుదే. 1973 మే 29న, 44 ఏళ్ళ వయసులో, ఆర్థిక ఇబ్బందుల మధ్య ఆయన మరణించారు. తరువాత కౌలాలంపూర్‌లో ఒక ముఖ్యవీధికి ఆయన పేరు పెట్టారు, 1986లో ఆయన నివసించిన ఇల్లు స్మారక మందిరమైంది, 1990లో తాన్ శ్రీ అనే ఉన్నత బిరుదు మరణానంతరం లభించింది. చివరి సంవత్సరాల్లో చిత్రాలు తీయడానికి పెట్టుబడి దొరకని కళాకారునికి ఇవన్నీ ఎంతో ఆలస్యంగా అందిన గౌరవాలు.