కష్టం పోయినా భయం ఎందుకు పోదు?

కొన్నేళ్ల క్రితం మా వారు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి, ఆరు నెలలు జీతం లేకుండా గడిపాం. తర్వాత వేరే ఉద్యోగం దొరికింది, అప్పులూ తీరాయి. అయినా ఆయన షిఫ్ట్ కాకముందే గేటు తీస్తే నా గుండె జారిపోయేది. "అన్నీ బాగున్నాయి కదా, ఇంకా ఎందుకు భయం?" అనేవారు. మా భానూర్‌లో చాలా ఇళ్లు షిఫ్టుల మీదే నడుస్తాయి. ఈ మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు.

దీనికి జవాబు వెతకడం ఎప్పుడో మొదలైంది. చలైనా, గాయమైనా, అతి శ్రమైనా ఎలుకల శరీరం ఒకేలా స్పందిస్తుందని 1936లో హాన్స్ సెల్యే రాశారు. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతాయట. ఆ గ్రంథుల హార్మోన్ మెదడులో జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌ను చేరుతుందని 1968లో బ్రూస్ మెక్‌ఈవెన్ బృందం చూపింది.

2002లో బెంగళూరులో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలను రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలకుండా ఉంచింది. హిప్పోక్యాంపస్ కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. భయాన్ని చూసే అమిగ్డాలాలో మాత్రం పెరిగాయి. 21 రోజులు ప్రశాంతంగా వదిలేస్తే మొదటిది కోలుకుంది, రెండోది అలాగే ఉందని 2004లో తేల్చారు.

ఎలుకల సంగతి మనకు అచ్చంగా వర్తించదు. కానీ భయం మొండితనం కాదని నాకు అర్థమైంది. ఇది చదివి వినిపించాక, పని తొందరగా అయిన రోజు మా వారు ముందే ఫోన్ చేస్తున్నారు.