హోందా మినాకో రంగస్థల ప్రస్థానము

జపాను దేశమున పాశ్చాత్య సంగీతరూపకము వేరూనిన విధమును పరిశీలించువారికి ఒక విశేషము తప్పక గోచరించును. ఆ రూపకములను ప్రజలకు చేరువ చేసిన నటీమణులలో పలువురు నాటకశాలలయందు శిక్షణ పొందినవారు కారు. గ్రామఫోను రికార్డులవలనను, రేడియో టెలివిజనులవలనను అప్పటికే జనుల చెవులకు పరిచితలైన గాయనులు. అట్టివారిలో హోందా మినాకో చరిత్రము నాకు మిక్కిలి హృద్యముగ తోచును. తక్కినవారు తమ కంఠమును వెంటగొని రంగమునకు వచ్చిరి. ఈమెయో, రంగముకొఱకు తన కంఠమునే నూతనముగ నిర్మించుకొనెను.

ఈమె నడచిన బాట ఈమెకు పూర్వమే కొంత ఏర్పడియుండెను. కొబయాషి ఇచిజో అను రైల్వే వ్యాపారి తకరజుకా పట్టణమున నెలకొల్పిన బాలికల బృందము 1914లో తొలి ప్రదర్శనమొసగినది మొదలు, పాశ్చాత్య బాణీల పాటయు నృత్యమును జపాను ప్రేక్షకులకు అలవడుచు వచ్చెను. అయినను, బ్రాడ్వే రూపకమొకటి జపాను భాషలో ఆమూలాగ్రముగ ప్రదర్శింపబడుట 1963వ సంవత్సరము సెప్టెంబరు మాసముననే ప్రథమము. ఆ రూపకము 'మై ఫెయిర్ లేడీ'. ప్రదర్శించినది తోహో సంస్థ. దానికి సూత్రధారి నాటకకర్త కికుతా కజువో. నాయికయైన పూలమ్మి ఎలైజా పాత్రకు ఆయన వరించినది ఎరి చియెమి యను గాయనిని. యుద్ధానంతరము అమెరికా సైనికుల శిబిరములలో పసితనముననే పాడి, 1952లో 'టెనెసీ వాల్ట్జ్' రికార్డుతో దేశమంతటను పేరుగాంచి, మిసొరా హిబారి, యుకిమురా ఇజుములతో కూడి 'ముగ్గురు బాలికలు' అని జనులచే ముద్దుగ పిలువబడిన గాయని ఆమె. అమెరికా సంగీతపు లయ ఆమెకు బాల్యముననే రక్తగతమైయుండుటయే ఆ ఎన్నికకు ముఖ్యకారణమని నా విశ్వాసము. 1987లో 'లే మిజరాబ్ల్' టోక్యో నగరపు ఇంపీరియల్ థియేటరునకు వచ్చినప్పుడును ఇట్లే జరిగెను. దుఃఖిత మాతయైన ఫాంటీన్ పాత్రను 1975 నుండియు పాప్ గాయనిగ ప్రసిద్ధురాలైన ఇవాసాకి హిరోమి ధరించెను.

హోందా మినాకో 1967 జూలై 31వ తేదీన టోక్యోలో జన్మించి, పొరుగుననున్న సైతామా రాష్ట్రపు అసాకా పట్టణమున పెరిగెను. ఆమె యౌవనమున అడుగిడునాటికి జపానులో 'ఐడల్' గాయనుల యుగము పూర్ణవికాసమున నుండెను. 1980లో మత్సుదా సెయికో, 1982లో నకమోరి అకినా వెలసిన పిమ్మట, పాటతోపాటు వయసును, రూపమును, వస్త్రధారణమును, చిరునవ్వును ఒక్కటిగ పోతపోసి టెలివిజను తెరపై నిలుపు విధానము స్థిరపడియుండెను. కొన్ని నెలలకొక క్రొత్తపాట, వారమునకు పెక్కు కార్యక్రమములు, మూడు నాలుగు నిమిషములలో ముగియు భావము, ఇదియే ఆ వృత్తి స్వరూపము. 1985 ఏప్రిలులో తొలి రికార్డు వెలువరించిన మినాకో ఆ సంవత్సరము ముగియకమునుపే బుడోకాను మహామందిరమున కచేరి చేసెను. మరుసటి యేడు వచ్చిన '1986 నాటి మెరిలిన్' అను పాట ఆమెను అగ్రశ్రేణికి చేర్చెను. అకిమోతో యసుషి రచించి, త్సుత్సుమి క్యోహెయి స్వరపరచిన ఆ పాటలో, నడుము కనబడు దుస్తులతో ఆమె చేసిన నృత్యము దేశమంతటను చర్చనీయమయ్యెను.

అయినను ఈ కీర్తిచే ఆమె తృప్తి చెందలేదు. తన్ను ఐడల్ అనుటకంటె కళాకారిణి యనుటయే ఆమెకు ప్రియము. కావుననే విదేశీయ సంగీతజ్ఞుల సాహచర్యమును కోరి, ఐర్లండు గిటారు వాద్యకుడు గేరీ మూర్ కూర్చిన పాటను పాడెను. 'క్వీన్' బృందపు బ్రయన్ మే నిర్మాణమున 1987లో ఒక రికార్డు వెలువరించెను. 1988లో స్త్రీలతో కూడిన 'వైల్డ్ క్యాట్స్' అను రాక్ బృందమును వెంటనిడుకొని వేదికయెక్కెను. ఈ సాహసములను ప్రజలు అంతగా అనుసరింపలేదు. రికార్డుల అమ్మకము తగ్గెను. ఆనాటి పత్రికలలో ఆమె పేరు వెనుకబట్టెను. ఈ కాలమును వైఫల్యముగ గణించువారు కలరు గాని నేను అంగీకరింపను. ఒక చట్రమునుండి వెలువడుటకు ఆమె చేసిన ప్రయత్నములే ఇవి; తగిన ద్వారము మాత్రము ఇంకను తెరువబడలేదు.

ఆ ద్వారము 'మిస్ సైగాన్'. షోన్‌బెర్గ్ స్వరములు కూర్పగా, బూబ్లీల్ కథ కల్పింపగా, 1989 సెప్టెంబరులో లండను నగరమున ప్రారంభమైన ఈ రూపకమునకు మూలము పుచ్చీని రచించిన 'మదామ్ బటర్‌ఫ్లై' యను ఇటలీ సంగీతనాటకము. నాగసాకిలో అమెరికను నావికాధికారిని వలచి, పరిత్యక్తయై, బిడ్డకొఱకు ప్రాణమును త్యజించిన జపాను స్త్రీ కథను ఫ్రెంచి రచయితలు వియత్నాము యుద్ధకాలపు సైగాను నగరమునకు మార్చి, నాయికకు కిమ్ అని పేరిడిరి. ఐరోపావాసులు ఊహించిన జపాను స్త్రీ వియత్నాము బాలికగా మారి, మరల జపానునకే తిరిగివచ్చినది. అట్టి పాత్రను జపాను నటి ధరించుటలో గల చిక్కు సామాన్యమైనది కాదు. పరుల కల్పనయైన ఆ వేదన తన వేదనయే యని ప్రేక్షకులు విశ్వసించునట్లు పాడవలెను గదా! అదియునుగాక, ఈ రూపకమున సంభాషణములు దాదాపు లేవు, ఆద్యంతము గానమే. పదునేడేండ్ల కన్యగా ప్రవేశించి, తల్లియై, హంతకియై, తుదకు తన ప్రాణమును తానే తీసికొనువరకు ఆ స్త్రీ హృదయపరిణామమంతయు స్వరములోనే వినబడవలెను. మూడు నిమిషముల పాటలకు అలవాటుపడిన కంఠమునకు ఇది దుస్సాధ్యమైన పరీక్ష.

వేలకొలది అభ్యర్థులు పాల్గొన్న పరీక్షలలో మినాకో ఎన్నుకొనబడి, 1992 వసంతమున ఇంపీరియల్ థియేటరులో కిమ్‌గా అవతరించెను. రూపకమునకు ఆయువుపట్టైన 'ఇంజనీరు' పాత్రలో ఇచిమురా మసచికా నటించెను. ఏడాదిన్నర కాలము ఎడతెగక సాగిన ఆ ప్రదర్శనములలో కిమ్ పాత్ర ఇతర నటీమణులకును పంచబడియుండెను. 'ఐడల్ పిల్ల ఈ భారమును మోయగలదా?' యని సందేహించినవారికి ఆమె నోటితో గాక పనితో బదులుచెప్పెను. ఆ పాత్రకై ఆమె ఊపిరిని నిలుపు విధము మొదలుకొని గాత్రసాధన పునఃప్రారంభించెను. పూర్వపు రికార్డులయందు కంఠపు పైపొరలలో మెరయుచుండిన ఆ సన్నని ధ్వని, ఈ సాధనవలన లోతును, నిలుకడను సంపాదించినది. ఆ రెండు కాలముల ధ్వనిముద్రణములను వెంటవెంటనే విన్నవారికి వీరిద్దరు వేర్వేరు గాయనులా యను భ్రాంతి కలుగును.

1992లోనే ఒక ప్రదర్శనమున రంగయంత్రపు చక్రము క్రింద ఆమె పాదము చిక్కి ఎముకలు విరిగెను. అయినను అంకము ముగియువరకు ఆమె పాట ఆపలేదు. ఈ వృత్తాంతమును అభిమానులు వీరగాథగ చెప్పుకొనుచుందురు. నాకు మాత్రము, మాని తిరిగివచ్చి అదే యంత్రముల నడుమ నెలల తరబడి అదే పాత్రను పాడుట అంతకంటె గొప్ప ధైర్యముగ కనబడుచున్నది.

ఈ విజయానంతరము ఆమె 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్'లో హోడెల్‌గను, 'ది కింగ్ అండ్ ఐ'లో టప్టిమ్‌గను, 1997 నుండి 'లే మిజరాబ్ల్'లో ఎపొనీన్‌గను నటించెను. ప్రేమించినవానికొఱకు ప్రేమను దాచుకొని మరణించు ఎపొనీన్ ఆమె స్వభావమునకు మిక్కిలి తగిన పాత్రయని నా తలంపు. ఈ దశలో ఆమెకు లభించిన ఆత్మీయత గీతరచయిత్రి ఇవాతాని తోకికోది. తకరజుకా ప్రచురణశాఖలో ఉద్యోగము ప్రారంభించి, నటీగాయని కోషిజి ఫుబుకికి దశాబ్దములపాటు తోడునీడగ నిలిచిన ఈ విదుషీమణియే 'మిస్ సైగాన్', 'లే మిజరాబ్ల్' గీతములను జపాను భాషలో రచించెను. ఒకరి మాటలు మరియొకరి కంఠమున ప్రాణము పోసికొనుచుండగా, వయసున అర్ధశతాబ్దపు అంతరముగల వారి నడుమ తల్లీబిడ్డల మైత్రి అల్లుకొనెను.

2003లో 'ఆవే మరియా' యను ఆల్బముతో మినాకో శాస్త్రీయ గీతములవైపు మరలెను. ఐడల్‌గా ప్రారంభించిన గాయని సోప్రానో స్వరమున ఈ గీతములను పాడుట జపానునకు నూతనము. ఇంపీరియల్ థియేటరులో గడచిన దశాబ్దమే దీనిని సాధ్యము చేసినది. 2004లో ఆమె తన పేరు చివర ఒక పూర్ణవిరామ బిందువును చేర్చుకొనెను. మరుసటి యేడు జనవరిలోనే తీవ్రమైన రక్తపు క్యాన్సరు బయల్పడి ఆసుపత్రిలో చేరవలసివచ్చెను. ఆ సంవత్సరమున 'లే మిజరాబ్ల్'లో ఎపొనీన్‌ను విడిచి ఫాంటీన్‌గా నటింపవలసియుండెను, అది సాగలేదు. అదే ఆసుపత్రిలో ఎముక విరిగి చేరియున్న ఇవాతానికి మినాకో తన పాటలను, మాటలను చిన్న ధ్వనిముద్రణ యంత్రముపై నింపి పంపుచుండెడిది. 2005 నవంబరు 6వ తేదీన, ముప్పదియెనిమిదవ యేట ఆమె మరణించెను. మరుసటి యేడు ఎముకమజ్జ దానమును ప్రోత్సహించు ప్రకటనలో ఆమె పాడిన 'అమేజింగ్ గ్రేస్' జపాను టెలివిజనులలో వినిపించెను.

ఆమె నటించిన పాత్రలు పాప్ గాయనులకు దక్కుట పిమ్మట ఆశ్చర్యము కాకపోయెను. 2004లో 'మిస్ సైగాన్' మరల ప్రదర్శింపబడినప్పుడు కిమ్‌గా నటించినవారిలో ఒకినావానుండి వచ్చిన పాప్ గాయని చినెన్ రీనా ఒకతె. మినాకో 'మెరిలిన్' పాటను రచించిన అకిమోతో యసుషియే నిర్మించిన 'నోగిజకా 46' అను బాలికాబృందమునుండి ఇకుతా ఎరికా 2017లో అదే 'లే మిజరాబ్ల్'లో కోజెట్‌గ ప్రవేశించి, 2021లో ఎపొనీన్ పాత్ర ధరించెను. ఐడల్ గాయనులను తీర్చిదిద్దు పరిశ్రమయు, ఇంపీరియల్ థియేటరును నేడు పరస్పరము పరకీయములు కావు. 1992లో ఆ రెండింటి నడుమ ఎంతటి సందేహముండెనో ఎరిగినవారికి మినాకో శ్రమ విలువ తెలియును.